మీకు తెలుసా? లింకు పంపితే ఫొటో ఇచ్చినట్టు కాదు

సెల్‌ఫోన్ నుంచి అప్పటికప్పుడు నలుగురికీ పంచిన మొదటి ఫొటోగా పేరున్నది ఒక పసిపాపది. 1997 జూన్ 11న కాలిఫోర్నియాలోని శాంటా క్రజ్‌లో భార్య పురిటికని ఆస్పత్రిలో చేరితే, ఫిలిప్ కాన్ అనే ఇంజనీరు అక్కడే కూర్చుని ఒక డిజిటల్ కెమెరాని, మోటరోలా ఫోన్‌ని, లాప్‌టాప్‌ని ఒకదానికొకటి కలిపాడు. కావలసిన వైరు తన కారులోని స్పీకర్ ఫోన్ కిట్ నుంచి లాక్కొచ్చాడు. పాప పుట్టింది, ఫొటో తీశాడు, అది ఇంట్లో ఉన్న సర్వర్‌కి చేరింది, అక్కణ్ణుంచి 2,000 మందికి పైగా బంధుమిత్రులకు కబురు వెళ్లింది. అయితే వాళ్లకు వెళ్లింది ఫొటో కాదు, ఫొటో ఉన్న చోటికి దారి. డల్లాస్‌లో మనవరాలి అన్నప్రాశన ఆల్బమ్ గుంటూరులో అమ్మమ్మ ఫోన్‌లో తెరుచుకుంటున్నదీ సరిగ్గా ఈ పద్ధతిలోనే.

*

లింకు ఇవ్వడమంటే మన బీరువా తలుపు తీసి చూపించడమే. చూసినవాళ్ల ఇంటికి అందులోంచి చీర ఒక్కటి కూడా వెళ్లదు. గూగుల్ ఫొటోస్‌లో ఎవరైనా ఆల్బమ్ షేర్ చేస్తే, మనం ‘సేవ్’ నొక్కనంత వరకు ఆ ఫొటోలు వాళ్ల ఖాతాలోనే ఉంటాయి. వాళ్లు తీసేశారా, మనకూ పోయినట్టే. పెళ్లి ఫొటోగ్రాఫర్లు పంపే డ్రైవ్ లింకుల సంగతి ఇంకా సున్నితం. ఒక ముహూర్తాల సీజన్ ముగిసి మరొకటి వచ్చేసరికి వాళ్లకు స్థలం కావాలి, పాత పెళ్లిళ్లు చెరిపేస్తారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. లింకు వచ్చిన వారంలోనే మొత్తం దించుకుని, ఒక కాపీ హార్డ్‌డిస్క్‌లో వేసుకోవడం పెళ్లివారి పని. అప్పగింతలు, సత్యనారాయణ వ్రతం, రిసెప్షన్ల హడావుడిలో ఆ పని ఎవరికీ గుర్తుండదు.

ఇంకొకటి. ‘లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు’ అనే సెట్టింగ్‌లో ఎవరైనా అంటే నిజంగా ఎవరైనానే. పాస్‌వర్డ్ అక్కర్లేదు. చిన్నాన్న ఆ లింకును తన అపార్ట్‌మెంట్ గ్రూపులో పడేస్తే, పాప నీళ్లు పోసుకుంటున్న ఫొటో వాచ్‌మన్ నుంచి సెక్రటరీ దాకా అందరికీ తెరుచుకుంటుంది. పేరుపేరునా మెయిల్ ఐడీలతో పంచుకునే ఏర్పాటు కూడా ఉంది. కాస్త శ్రమే, కానీ పిల్లల ఫొటోలకు నేనైతే ఆ దారే వాడమంటాను.

*

పెద్దవాళ్లు పోయినప్పుడు పెద్దకర్మ లోపు ఫొటో ఫ్రేము కట్టించాలి. అప్పుడు తెలుస్తుంది మన దగ్గర ఉన్నది ఏమిటో. స్టూడియో కుర్రాడు ఫోన్‌లో బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, “ఇది వాట్సాప్‌లో వచ్చిందండీ, ఒరిజినల్ లేదా? ఉంటే డాక్యుమెంట్‌గా పెట్టండి” అంటాడు. అతను అడిగేదాంట్లో లెక్క ఉంది. మామూలు 12 మెగాపిక్సెల్ ఫొటో 4,000 పిక్సెళ్ల పొడవు ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది దాదాపు 1,600కి దిగిపోతుంది. 12×18 అంగుళాల సైజుకు పెంచితే అంగుళానికి 90 పిక్సెళ్లు కూడా రావు. మంచి ప్రింటుకు 300 ఉండాలంటారు. కళ్లజోడు అంచులు, తెల్ల మీసం, నుదుటి బొట్టు అన్నీ అలుక్కుపోతాయి. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ అనే మీట వచ్చింది. కొంత నయం, అయినా అది కూడా అసలు ఫైలు కాదు. డాక్యుమెంట్‌గా పంపితే మాత్రం ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

ఫొటోను ఇలా కుదించే విద్య వెనుక మనవాళ్ల చెయ్యి ఉందని చాలామందికి తెలియదు. 1974 జనవరిలో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కమిశెట్టి రామమోహనరావు కలిసి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. అందులోదే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. బొమ్మను 8×8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, కన్ను అంతగా పట్టించుకోని సన్నసన్న మార్పులను వదిలేయడానికి వీలు కల్పించే లెక్క అది. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దాని మీదే నిలబడింది. అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు. 1972లో ఈ ఆలోచనకు డబ్బు అడిగితే అమెరికాలోని నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇవ్వలేదు. మరీ సులువుగా ఉందన్నది పరిశీలించినవాళ్ల అభ్యంతరం! ఆ సులువైన లెక్కే లేకపోతే ఒక్క పెళ్లి ఫొటోలకే ఫోన్ నిండిపోయేది. కాకపోతే ఒకసారి వదిలేసిన వివరం మళ్లీ తిరిగి రాదు. ఫార్వర్డ్ అయిన ఫొటోను ఏ యాప్‌లో ‘ఎన్‌హాన్స్’ చేసినా అది ఊహించి గీసిన మొహమే.

ఒరిజినల్ పంపడంలో ఒక చిక్కు లేకపోలేదు. కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫొటో ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులో రాసి ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ వివరం రాలిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే వెంట వెళుతుంది. స్టూడియో అతనికి పరవాలేదు. ఓఎల్‌ఎక్స్‌లో బండి కొంటానన్న తెలియని మనిషికి పంపేటప్పుడు ఒకసారి ఆలోచించాలి.

*

గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలు, వీడియోలు పోగయ్యాయో 2020 నవంబరులో ఆ కంపెనీయే చెప్పింది: 4 లక్షల కోట్లు. వారానికి కొత్తగా 2,800 కోట్లు చేరుతున్నాయని కూడా. ఆ మాట చెప్పిన నోటితోనే, 2021 జూన్ 1 నుంచి ఉచితంగా ఎన్నైనా పెట్టుకునే సౌకర్యం ఆపేస్తున్నామనీ చెప్పింది. అప్పటినుంచి ఫొటోలు, జీమెయిల్, డ్రైవ్ అన్నీ కలిపి 15 జీబీలోనే సర్దుకోవాలి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఆ ఖాతాలోనే పడుతోంది. బ్యాకప్‌లో వీడియోలు కూడా టిక్ చేసి ఉంటే, రోజూ పొద్దున్నే వచ్చే సుప్రభాతం వీడియోలు ఎంత మింగుతున్నాయో చూడండి. స్థలం నిండితే ఫొటోలు ఆగడమొక్కటే కాదు, మెయిల్ రావడం కూడా ఆగిపోతుంది. నాన్నగారికి కరెంటు బిల్లు మెయిల్ రాలేదంటే కారణం ఇదీ కావచ్చు.

నిండగానే మనం చేసే పని, ఫోన్‌లో ఫొటోలు ఎంచి డిలీట్ కొట్టడం. అక్కడే ప్రమాదం. గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ కొడితే ఫోన్‌లోనూ క్లౌడ్‌లోనూ రెండు చోట్లా పోతుంది. ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే మీట అయితే క్లౌడ్‌కు చేరినవాటిని మాత్రమే ఫోన్‌లోంచి తీస్తుంది. పొరపాటున చెరిపినా, బ్యాకప్ అయినవి బిన్‌లో 60 రోజులు ఉంటాయి. బ్యాకప్ కానివైతే 30 రోజులే. అమెరికాలో ఉన్న కొడుకు సెలవులకు వచ్చి “అమ్మా, నీ ఫోన్ క్లీన్ చేసిపెట్టాను” అంటే, విమానం ఎక్కేలోపే బిన్ తెరిచి చూసుకోవడం మంచిది.

*

ఫొటోలు సరే, కాగితాలు? కుటుంబం గ్రూపులో పైకి జరుపుతూ పోతే ఎప్పటిదో ఒక ఆధార్ ఫొటో, ఎవరిదో పాన్ కార్డు తప్పకుండా తగులుతాయి. అలాంటివి దాచుకోవడానికి ప్రభుత్వం 2015 జులై 1న మొదలుపెట్టిన డిజీలాకర్‌లో మనిషికి 1 జీబీ స్థలం ఉంది. మనం స్కాన్ చేసి పెట్టుకున్న కాగితం, అక్కడికి ప్రభుత్వ శాఖ నేరుగా పంపిన కాగితం ఒకటి కావు. రెండోదానికే చట్టం దృష్టిలో ఒరిజినల్‌తో సమానమైన విలువ. లైసెన్సు, ఆర్‌సీ అలా చూపించినా చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ 2018 ఆగస్టులోనే రాష్ట్రాలకు రాసింది. ఆధార్ ఎవరికైనా పంపక తప్పకపోతే, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్, ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ సైట్‌లో దొరుకుతుంది. లాడ్జి గదికి అది చాలు.

*

రెండేళ్లపాటు ఎక్కడా వాడని వ్యక్తిగత గూగుల్ ఖాతాను అందులోని ఫొటోలతో సహా తీసేయవచ్చని ఆ సంస్థ 2023లో నియమం పెట్టింది. ఆ ఏడాది డిసెంబరు నుంచి తీసేయడం మొదలుపెట్టింది కూడా. తాతగారు పోయాక ఆయన ఫోన్ స్విచాఫ్ చేసి అల్మరాలో పెడతాం. రెండో సంవత్సరీకం నాటికి ఆ ఖాతా గడువు దగ్గరపడుతుంది. దీనికి మందు 2013 నుంచీ ఉంది, పేరు ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్. ఇన్ని నెలలు నేను కనిపించకపోతే వీళ్లకు కబురు పెట్టు, ఈ ఫొటోలు వీళ్లు దించుకోవచ్చు అని ముందే రాసిపెట్టవచ్చు. 10 మంది పేర్ల దాకా ఇవ్వొచ్చు. ఐఫోన్‌లో ఇదే ఏర్పాటు లెగసీ కాంటాక్ట్ పేరుతో 2021 డిసెంబరులో వచ్చింది. అక్కడ పేరు ఉంటే సరిపోదు, రెండు కావాలి: మరణ ధ్రువీకరణ పత్రం, ఫోన్ ఇచ్చే యాక్సెస్ కీ. మొదటిది మనిషి పోయాక మనవాళ్లు ఎలాగూ తెచ్చుకుంటారు. రెండోది మాత్రం ఫోన్ గలాయన బతికుండగా తన చేత్తో పంపాలి, లేదా ప్రింటు తీసి ఇవ్వాలి.