స్టీల్ పిస్టల్ వర్సెస్ పాలిమర్ పిస్టల్: 300 గ్రాములు తగ్గితే ఏం మారుతుంది?

ఏ ఫోన్ రివ్యూకి వచ్చినా నేను ముందు చేసే పని ఒక్కటే. బాక్స్ తెరిచి, ఫోన్ చేతిలోకి తీసుకుని బరువు చూస్తాను. ఈ ఆర్టికల్‌కి మాత్రం ఆ ఛాన్స్ లేదు. చేత్తో ముట్టుకోకుండా నేను రాస్తున్న మొదటి పోలిక ఇదే.

మా బాబాయి పోలీస్ డిపార్ట్‌మెంట్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా పోయినేడాది రిటైర్ అయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం వీఐపీల దగ్గర గన్‌మన్‌గానే చేశారు. చిన్నప్పుడు "బాబాయ్, ఒక్కసారి పట్టుకుంటా" అని ఎన్నిసార్లు అడిగినా ఇచ్చేవారు కాదు. "ఇది బొమ్మ కాదురా, నా ఉద్యోగం" అనేవారు. బీటెక్ అయ్యి జాబ్‌లో చేరాక అడిగినా అదే జవాబు. కానీ ఆయన సర్వీసులో రెండు రకాల పిస్టల్స్ మోశారు. మొదట ఫుల్ స్టీల్ 9 ఎంఎం, తర్వాత పాలిమర్ ఫ్రేమ్ ఉన్న గ్లాక్. ఆ రెండింటి గురించి ఆయన చెప్పిన మాటలు, నేను చదివి తెలుసుకున్న టెక్నాలజీ కలిపితే ఈ ఆర్టికల్ వచ్చింది.

ఒక విషయం ముందే క్లియర్‌గా చెప్పేస్తా. ఇది బయింగ్ గైడ్ కాదు. మన దేశంలో 9 ఎంఎం పిస్టల్ ప్రొహిబిటెడ్ బోర్ కిందకి వస్తుంది, మామూలు లైసెన్స్‌తో దొరకదు. ఇక్కడ మనం చూసేది మెటీరియల్, డిజైన్, వాటి వల్ల మనిషికి ఏం మారింది అన్నది మాత్రమే.

ఒక్క చూపులో స్పెక్స్

స్టీల్ వైపు బ్రౌనింగ్ హై-పవర్‌ని, పాలిమర్ వైపు గ్లాక్ 17ని తీసుకుందాం. మన బలగాలు దశాబ్దాలుగా వాడిన "పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఏ" ఈ హై-పవర్ డిజైనే. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైంది. బాబాయి మొదట మోసిందీ ఇదే.

- మార్కెట్‌లోకి వచ్చింది: హై-పవర్ 1935, గ్లాక్ 17 1982
- ఫ్రేమ్: హై-పవర్‌కి స్టీల్, గ్లాక్‌కి నైలాన్ ఆధారిత పాలిమర్
- స్లైడ్, బ్యారెల్: రెండింటికీ స్టీలే
- ఖాళీ బరువు: హై-పవర్ దాదాపు 1 కిలో, గ్లాక్ ఖాళీ మ్యాగజైన్‌తో దాదాపు 700 గ్రాములు
- మ్యాగజైన్: హై-పవర్ 13 రౌండ్లు, గ్లాక్ 17 రౌండ్లు
- బొటనవేలితో నొక్కే సేఫ్టీ: హై-పవర్‌కి ఉంది, గ్లాక్‌కి లేదు
- మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్: హై-పవర్‌లో పనిచేయదు, గ్లాక్‌లో పనిచేస్తుంది

చివరి రెండు లైన్లు గుర్తుపెట్టుకోండి. అసలు కథ అక్కడే ఉంది.

డిజైన్, బిల్డ్ క్వాలిటీ

స్టీల్ పిస్టల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎం1911. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఈ పిస్టల్‌ని అమెరికా ఆర్మీ 1911లో తీసుకుంది. 1985లో బెరెట్టా ఎం9 వచ్చేదాకా అదే వాళ్ళ స్టాండర్డ్ పిస్టల్. ఒకే మోడల్ 74 ఏళ్ళు! బ్రౌనింగ్ మొదలుపెట్టిన మరో డిజైన్ హై-పవర్. ఆయన 1926లో చనిపోయాక బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ డిజైనర్ డ్యుడొనే సైవ్ దాన్ని పూర్తి చేశాడు.

వీటి ఫ్రేమ్ తయారీ పాత పద్ధతి. స్టీల్ దిమ్మని సుత్తి దెబ్బలతో రూపానికి తెచ్చి, మిల్లింగ్ మెషీన్ మీద కోసుకుంటూ పోవాలి. టైమ్ ఎక్కువ, ఖర్చు ఎక్కువ, వేస్ట్ అయ్యే మెటల్ కూడా ఎక్కువ.

పాలిమర్ ఫ్రేమ్ వాడిన మొదటి పిస్టల్ గ్లాక్ అని చాలామంది అనుకుంటారు. కాదు. జర్మనీకి చెందిన హెక్లర్ అండ్ కోచ్ కంపెనీ 1970లోనే వీపీ70 తెచ్చింది. దాని ట్రిగ్గర్ బాగా గట్టిగా ఉండటంతో పెద్దగా క్లిక్ అవ్వలేదు. ఫీచర్ ముందుగా తెచ్చిన కంపెనీకి పేరు రాకపోవడం మనకి ఫోన్లలో కొత్తేమీ కాదు కదా.

1980 ప్రాంతంలో ఆస్ట్రియా ఆర్మీ కొత్త పిస్టల్ కోసం వెతకడం మొదలుపెట్టింది. అప్పటికి గాస్టన్ గ్లాక్ వయసు 50 దాటింది. ఆయన కంపెనీ కర్టెన్ రాడ్లు, ఆర్మీకి కత్తులు చేసేది. పిస్టల్ మాత్రం ఒక్కటి కూడా చేసింది లేదు. ప్లాస్టిక్ మౌల్డింగ్ మీద పట్టు ఉంది, అంతే. 1982లో ఆయన పిస్టలే సెలెక్ట్ అయ్యింది. వేడి పాలిమర్‌ని అచ్చులోకి పంపితే ఫ్రేమ్ రెడీ. మొత్తం పార్ట్‌లు 34 దరిదాపు మాత్రమే.

"ప్లాస్టిక్ అయితే పేలిపోదా?" ఇది కామన్ డౌట్. 9 ఎంఎం రౌండ్ పేలినప్పుడు లోపల ఒత్తిడి 2350 బార్ వరకు అనుమతిస్తారు. కారు టైర్‌లో ఉండేది 2 బార్ పైచిలుకు. అంటే దాదాపు వెయ్యి రెట్లు. కానీ ఆ ఒత్తిడిని మోసేది బ్యారెల్, స్లైడ్. అవి గ్లాక్‌లో కూడా స్టీలే. ఫ్రేమ్ పని వాటిని సరైన చోట పట్టుకోవడం, మన చేతికి పట్టు ఇవ్వడం. స్లైడ్ జారే చోట ఫ్రేమ్‌లో చిన్న స్టీల్ రైల్స్ పెట్టారు. అవసరమైన చోట స్టీల్ ఉంచి, అవసరం లేని చోట తీసేశారు. లాజిక్ అంతే.

ఎయిర్‌పోర్ట్ స్కానర్‌కి దొరకదా?

1980ల్లో గ్లాక్ అమెరికాకి వెళ్ళినప్పుడు ఇదే పెద్ద గొడవ. ప్లాస్టిక్ గన్ కాబట్టి ఎక్స్-రేలో కనపడదని ప్రచారం జరిగింది. 1990లో వచ్చిన డై హార్డ్ 2 సినిమాలో స్కానర్‌కి దొరకని "గ్లాక్ 7" అనే పింగాణీ గన్ గురించి డైలాగ్ కూడా పెట్టారు. అలాంటి మోడల్ అసలు లేనే లేదు. బరువు పరంగా చూస్తే గ్లాక్ 17లో 80 శాతం పైనే స్టీల్. ఎక్స్-రేలో స్పష్టంగా కనిపిస్తుంది. 1988లో అమెరికా చేసిన చట్టం ప్రకారం ఏ గన్ అయినా కనీసం 105 గ్రాముల స్టీల్‌తో సమానంగా డిటెక్టర్‌కి దొరకాలి. గ్లాక్ స్లైడ్ ఒక్కటే అంతకన్నా చాలా ఎక్కువ బరువు.

బరువు: లాంగ్ టర్మ్ యూసేజ్ రివ్యూ

ఒక 9 ఎంఎం రౌండ్ బరువు దాదాపు 12 గ్రాములు. ఫుల్ లోడ్ చేస్తే హై-పవర్ 1150 గ్రాముల దాకా వస్తుంది, గ్లాక్ 900 గ్రాముల దగ్గర ఆగుతుంది. నాలుగు రౌండ్లు ఎక్కువ ఉండి కూడా పావుకిలో తక్కువ.

200 గ్రాముల ఫోన్‌ని మనం "హెవీ" అంటాం. బాబాయి కిలో పైన బరువుని నడుముకి ఒకే పక్క కట్టుకుని రోజుకి పన్నెండు గంటలు నిలబడేవారు. మీటింగుల్లో, పెళ్ళిళ్ళలో, మే నెల ఎండలో. ఇంటికి రాగానే బెల్ట్ విప్పి గోడకి ఆనుకుని కింద కూర్చునేవారు. పిన్ని వేడినీళ్ళ కాపడం పెట్టేది. కుడి నడుము మీద ఆ బెల్ట్ మచ్చ ఇప్పటికీ ఉంది. గ్లాక్ వచ్చాక ఎలా ఉందని అడిగితే ఆయన ఇచ్చిన రివ్యూ ఒక్క లైన్: "మొదటి వారం హోల్‌స్టర్ ఖాళీగా ఉందేమోనని ఊరికే తడుముకునేవాణ్ణిరా."

ఇంకో ప్లస్ పాయింట్ చెమట. స్టీల్ ఫ్రేమ్‌కి చెమట తగిలితే తుప్పు మొదలవుతుంది. ఆయన డ్యూటీ దిగాక గుడ్డతో తుడిచి ఆయిల్ రాయాల్సిందే. పాలిమర్‌కి తుప్పు లేదు. గ్లాక్ స్లైడ్ స్టీలే అయినా, తుప్పు పట్టకుండా నైట్రోజన్‌తో ఉపరితలాన్ని గట్టిపరుస్తారు. అలాగని క్లీనింగ్ మానేయొచ్చని కాదు.

పెర్ఫార్మెన్స్: ఇంటర్ ఫిజిక్స్ గుర్తుందా?

"తుపాకీ వెనక్కి తన్నే వేగం కనుక్కోండి" అని ఎంపీసీ వాళ్ళందరం లెక్క చేసే ఉంటాం. ఇప్పుడు అదే చేద్దాం. తూటా 8 గ్రాములు, వేగం సెకనుకి 350 మీటర్లు అనుకుందాం. గ్యాస్ లెక్క వదిలేస్తే, 1 కిలో పిస్టల్ సెకనుకి 2.8 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. 700 గ్రాముల పిస్టల్ అయితే 4 మీటర్లు. చేతికి తగిలే శక్తి మొదటిదాంట్లో 3.9 జౌల్స్, రెండోదాంట్లో 5.6 జౌల్స్. అంటే 43 శాతం ఎక్కువ.

కాబట్టి ఇక్కడ స్టీల్ గెలుస్తుంది. పాలిమర్ కొంచెం వంగి ఆ దెబ్బని కాస్త మింగుతుంది, గ్లాక్ బ్యారెల్ చేతికి దగ్గరగా కిందకి ఉండటం వల్ల మూతి పైకి లేవడం కూడా తగ్గుతుంది. అయినా బరువు బరువే. అందుకే ప్రాక్టికల్ షూటింగ్ పోటీల్లో సీజెడ్ షాడో 2 లాంటి స్టీల్ పిస్టల్స్‌కి మంచి క్రేజ్ ఉంది. దాని బరువు 1.3 కిలోలు. పోటీలో దాన్ని మోసేది కాసేపే కాబట్టి ఆ బరువు లాభమే, డ్యూటీలో అదే నడుం నొప్పి.

అసలు సమస్య: మైగ్రేషన్

ఇప్పుడు స్పెక్స్‌లో చివరి రెండు లైన్ల దగ్గరికి వద్దాం. పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారేటప్పుడు ఏం పగులుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలుసు. కొత్త కోడ్‌లో బగ్ లేకపోయినా, పాతది చేసే ఒక చిన్న పని మీద ఎవరో తెలియకుండా ఆధారపడి ఉంటారు.

హై-పవర్‌లో మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. ఛాంబర్‌లో రౌండ్ మిగిలిపోయినా పేలదు. గ్లాక్‌లో అలాంటి ఏర్పాటు లేదు. దాని మూడు సేఫ్టీలూ ఆటోమేటిక్‌గా పనిచేస్తాయి. కింద పడినా, కుదుపు తగిలినా పేలకుండా కాపాడతాయి. వేలు ట్రిగ్గర్‌ని నొక్కితే మాత్రం మూడూ తప్పుకుంటాయి. దానికి తోడు, క్లీనింగ్ కోసం గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగ్గర్ నొక్కాలి.

కొత్త పిస్టల్ ట్రైనింగ్‌లో బాబాయికి సరిగ్గా ఇదే ఎదురైంది. అన్‌లోడ్ చేయమన్నారు. ఆయన ముందు స్లైడ్ లాగారు, ఆ తర్వాత మ్యాగజైన్ తీశారు. ఆర్డర్ తిరగబడింది. స్లైడ్ లాగినప్పుడు పాత రౌండ్ బయటపడింది గానీ, మ్యాగజైన్ ఇంకా లోపలే ఉండటంతో ఇంకో రౌండ్ పైకెక్కింది. మ్యాగజైన్ చేతిలోకి వచ్చేసింది కాబట్టి ఖాళీ అయిపోయిందనుకుని వేలు ట్రిగ్గర్ మీదకి పోనిచ్చారు. పక్కనే ఉన్న ఇన్‌స్ట్రక్టర్ మణికట్టు పట్టుకుని ఆపాడు. "మళ్ళీ స్లైడ్ లాగండి" అన్నాడు. రౌండ్ కింద పడింది. డమ్మీ రౌండే.

"నిజంది అయ్యుంటే ఎదురుగా మా బ్యాచ్ కుర్రాడు ఉన్నాడురా. ఆ రోజు అన్నం సహించలేదు" అన్నారు బాబాయి. ఇరవై ఏళ్ళకి పైగా ఒక్క తప్పు లేని మనిషి ఆయన. మరి ఇన్నాళ్ళలో ఆ ఆర్డర్ ఎప్పుడూ తప్పలేదా? తప్పే ఉంటుంది, పాత పిస్టల్ దాన్ని కనపడనివ్వలేదు అంతే అంటారాయన.

పేపర్లో "గన్ మిస్‌ఫైర్, కానిస్టేబుల్ మృతి" అని చదువుతుంటాం. నిజానికి మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవడం. జరిగేది దానికి రివర్స్. ఆ మాట వాడితే తప్పు గన్ మీదకి పోతుంది, అలవాటు గురించి ఎవరూ అడగరు.

అలాగని తప్పంతా మనిషిదే అనడం కూడా కరెక్ట్ కాదు. 2017లో అమెరికా ఆర్మీ సిగ్ పీ320 డిజైన్‌ని ఎం17 పేరుతో తీసుకుంది. సీరియల్ నంబర్ ఉన్న స్టీల్ ట్రిగ్గర్ యూనిట్‌ని బయటికి తీసి వేరే పాలిమర్ గ్రిప్‌లో పెట్టుకోవచ్చు. గ్రిప్ మారినా చట్టం దృష్టిలో గన్ ఆ యూనిటే. సూపర్ ఐడియా. కానీ అదే ఏడాది, కొన్ని కోణాల్లో కింద పడితే పేలే అవకాశం బయటపడటంతో, కంపెనీ సివిలియన్ మోడల్‌కి స్వచ్ఛందంగా అప్‌గ్రేడ్ ప్రకటించింది. తేలికైన ట్రిగ్గర్ పార్ట్‌లు పెట్టింది. లేటెస్ట్ డిజైన్‌కీ ప్యాచ్ కావాల్సి వచ్చింది.

ఫైనల్ వెర్డిక్ట్

రోజంతా మోయాలంటే పాలిమర్. ఇందులో డౌటే లేదు. కాసేపు నిలబడి గురి చూసి కాల్చే ఆటకి స్టీల్. ప్లాస్టిక్ కాబట్టి చీప్, మెటల్ కాబట్టి ప్రీమియం అనే కొలత ఇక్కడ పనికిరాదు. ఫోన్ రివ్యూల్లో నేనూ ఆ మాట చాలాసార్లు రాశాను, ఇక మీదట కొంచెం ఆలోచించి రాస్తాను.

సేఫ్టీకి మాత్రం రెండింటిలో దేనికీ ఫుల్ మార్కులు వేయలేను. మ్యాగజైన్ ముందు తీయాలి, తర్వాత స్లైడ్ లాగాలి, ఛాంబర్‌లోకి కంటితో చూడాలి. ఈ ఆర్డర్ మారకూడదు. పిస్టల్ మార్చిన ప్రతి డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్‌కి కూడా అంతే టైమ్ ఇవ్వాలి.

అమెరికాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఒక మాట. స్టూడెంట్ వీసా, హెచ్1బీ లాంటి వాటి మీద ఉన్నవాళ్ళు వీకెండ్ సరదాకి రేంజ్‌కి వెళ్ళి గన్ పట్టుకోవడం కూడా అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం కావచ్చు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తెలుసుకోకుండా వెళ్ళి వీసా మీదకి తెచ్చుకోకండి.

రిటైర్ అయిన రోజు బాబాయి పిస్టల్ సరెండర్ చేసి ఇంటికొచ్చారు. ఎలా ఉందని అడిగాను. "నడుము తేలిగ్గా ఉందిరా" అన్నారు. ఇప్పటికీ నడిచేటప్పుడు కుడి చెయ్యి ఒంటికి కాస్త ఎడంగానే ఉంచుతారు.