పాత మోటారు ఇరుసుతో టైరు బండి: కొనుటకు ముందు చూడవలసిన విషయములు

ఇనుప పట్టా వేసిన కర్ర చక్రము మెత్తని నేలలో దిగబడును, రోడ్డును కోసివేయును. గాలి టైరుల బండి తేలికగా దొర్లును గనుక అదే జత ఎద్దులు అదే బరువును తక్కువ శ్రమతో లాగగలవు. కొత్త ఇరుసు, చక్రములు కొనలేని రైతులు పాత మోటారు వాహనముల నుండి విప్పిన సామానుతో బండి కట్టించుకొనుట మన పల్లెలలో చాలకాలముగా ఉన్నదే. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఇట్టి సామాను దొరకును. అయితే అక్కడ మంచిది, చెడ్డది ఒకే కుప్పలో పడియుండును. పగిలిన ఇరుసుకు రంగు వేసినంత మాత్రమున బలము రాదు. బరువుతో పోవునప్పుడు అది విరిగినచో ఎద్దులకు, తోలువానికి కూడ ప్రాణాపాయము.

ఏ ఇరుసు పనికివచ్చును?

మోటారు వాహనముల వెనుక ఇరుసులు ముఖ్యముగా రెండు విధములు. మొదటి దానిలో చక్రపు హబ్బు, పై గొట్టము మీదనున్న బేరింగులపై కూర్చుండును. లోపలి షాఫ్టు చక్రమును త్రిప్పుటకే గాని బరువు మోయుటకు కాదు. హబ్బు మధ్యనున్న బోల్టులు విప్పి షాఫ్టును లాగివేసినను చక్రము కదలక నిలుచును. పెద్ద లారీలలో సాధారణముగా ఉండునది ఇదే. రెండవ దానిలో షాఫ్టే చక్రమును మోయును. దానిని తీసినచో చక్రము కూడ ఊడివచ్చును. కార్లలో ఇట్టివి ఎక్కువ. బండికి మొదటి రకమే తగినది. షాఫ్టులను, మధ్యనున్న పండ్ల చక్రములను తీసివేయించినచో వృథా బరువు తగ్గును. అట్లు తీసిన పిదప కూడ ఇరుసును తూకము వేయించవలెను. ఇరుసు బరువు ఎంత ఎక్కువైన, ఎద్దులు లాగగల సరుకు అంత తగ్గును.

ముందు ఇరుసు కొనినచో, చక్రములు ప్రక్కలకు తిరుగకుండ రెండు వైపుల గట్టిగా బిగింపించవలెను. హబ్బు ఎత్తున రెండు చక్రముల నడుమ దూరమును ముందు వైపున, వెనుక వైపున కొలిచి చూడుడు. రెండు కొలతలు సమానముగా లేనిచో టైరులు ఈడ్చుకొని త్వరగా అరుగును.

పరీక్షించు విధము

ఇరుసు మీది తుప్పును, రంగును గీకించి, కిరసనాయిలు గాని డీజిలు గాని పూసి కొంతసేపు ఉంచవలెను. పిమ్మట పొడిగా తుడిచి సుద్ద పూయవలెను. బీట యున్నచో అందులో దాగిన నూనె సుద్ద మీద గీతగా ఊరును. బీటవారిన ఇరుసును వెల్డింగు చేయించి వాడరాదు.

బేరింగులను కడిగి చేతితో త్రిప్పి చూడుడు. గరగరలాడినను, రోలర్ల మీద గుంటలున్నను, కాలి నీలిరంగు తిరిగినను వాటిని వదలివేయవలెను. బేరింగు మీది నంబరు చూపి కొత్తది కొనవచ్చును. ఆయిల్ సీళ్లు మాత్రము ఎల్లప్పుడు కొత్తవే వేయవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ దుమ్మును నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

టైరు మీద తయారైన వారము, సంవత్సరము నాలుగంకెలలో ఉండును. 2318 అనగా 2018వ సంవత్సరము 23వ వారము. ప్రక్క గోడలు పగిలినవి, లోపలి దారము కనుపించునవి చవుకయైనను కొనరాదు.

ప్రాణము తీయు తప్పులు

కొన్ని లారీ చక్రములకు విడి ఇనుప కట్టు ఉండును. అది సరిగా కూర్చొననిచో గాలి కొట్టునప్పుడు తుపాకి గుండువలె ఎగిరి మనిషిని చంపగలదు. అట్టి చక్రమును అనుభవముగల పనివారే ఇనుప పంజరములో నుంచి గాలి కొట్టవలెను. టైరు ఉండగా రిమ్ముకు వెల్డింగు చేసినచో టైరు పేలును. ఖాళీ పెట్రోలు ట్యాంకులో కూడ ఆవిరి నిలిచి యుండును గనుక దానికి నిప్పు సెగ తగులనీయరాదు.

రసీదు లేని సామాను వద్దు

అమ్మువాని పేరు, సామాను వచ్చిన వాహనపు నంబరు గల రసీదు తీసికొనుడు. దొంగసొత్తని తెలిసియు, లేక అట్లు నమ్ముటకు కారణముండియు కొనుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద నేరము. ఊరిలో ఎవరి వాహనమైనను పూర్తిగా పాడైనచో, 1988 మోటారు వాహనముల చట్టము 55వ సెక్షను ప్రకారము యజమాని 14 దినములలో, లేదా వీలైనంత త్వరగా, రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను. గ్రామాధికారులు ఈ సంగతి రైతులకు చెప్పుట మంచిది. ఎద్దుల బండి మోటారు వాహనము కాదు. ట్రాక్టరు ట్రైలరు మాత్రము చట్టము దృష్టిలో మోటారు వాహనమే గనుక దానికి రిజిస్ట్రేషను తప్పదు.

ఎద్దుల మెడ మరువరాదు

ఇరుసు మరీ ముందుకు అమర్చినచో వెనుక బరువెక్కి కాడి పైకి లేచి ఎద్దుల గొంతు నొక్కును. మరీ వెనుకకు అమర్చినచో బరువంతయు మెడ మీద పడును. సరుకు వేసిన పిదప కాడి మీద కొద్దిపాటి బరువు మాత్రమే నిలుచునట్లు అమర్చవలెను. టైరు బండి పల్లములో తనంతట తాను దొర్లి ఎద్దులను త్రోయును గనుక బ్రేకు తప్పనిసరి. తేలికగా కదలుచున్నదని అధికముగా నింపరాదు. 1965 నాటి కేంద్ర నిబంధనలు పశువు పరిమాణమును, చక్రము రకమును బట్టి బరువునకు హద్దు విధించినవి. 30 మీటర్లకు 3 మీటర్ల కంటె ఎక్కువగా లేచు ఎగుడు కిలోమీటరుకు తక్కువ గాకుండ ఉన్న దారిలో ఆ హద్దు సగమే. రాత్రి ప్రయాణమునకు బండి వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు బిగించుకొనుడు.

కొనుటకు పోవునప్పుడు అనుభవముగల మెకానిక్కును వెంట తీసికొనిపోవుడు. ఆతని కూలి ఒక్కనాటిది, మంచి ఇరుసు చేయు సేవ అనేక సంవత్సరములది.