తరలిపోయిన ద్వీపవాసుల జ్ఞాపకాలు: బ్లాస్కెట్ అనుభవం

పునరావాసం అనగానే ఇల్లు, భూమి, నష్టపరిహారం లెక్కిస్తాం. స్థలాల పేర్లు, పనిపాటల పదాలు, కథలు ఆ లెక్కలోకి రావు. ఇవి ఎలా నిలుస్తాయో, ఎలా పోతాయో ఐర్లండ్ పశ్చిమ తీరంలోని గ్రేట్ బ్లాస్కెట్ ద్వీపం ఉదాహరణగా తెలుసుకొందాం.

నేపథ్యం: ఐరిష్ భాష మాట్లాడే ఈ జాలరుల ద్వీపంలో ఒకప్పుడు సుమారు 175 మంది ఉండేవారు. యువత అమెరికాకు వలస పోవడంతో జనం తగ్గారు. సముద్రం పోటు మీద ఉంటే పడవలు దాటలేవు, వైద్యం అందదు. 1953లో ప్రభుత్వం తరలింపు చేపట్టేనాటికి అక్కడ మిగిలింది 22 మందే.

జ్ఞాపకాలు నిలిచిన తీరు: తరలింపుకు చాలా ముందే ద్వీపవాసులు తమ జీవితాన్ని తమ భాషలోనే చెప్పుకొన్నారు. తోమాస్ ఓ క్రోహన్ అనే జాలరి నడివయసులో ఐరిష్ చదవడం, రాయడం నేర్చుకొన్నాడు. అతని ఆత్మకథ 1929లో వెలువడింది. పెగ్ సేయర్స్ గొప్ప కథకురాలు. ఐరిష్‌లో రాయడం రాదు. ఆమె చెబుతుంటే కొడుకు రాసిన జీవితకథ 1936లో అచ్చయింది.

జరిగిన నష్టం: ఓ క్రోహన్ రాతప్రతిలోని కొన్ని భాగాలను తొలి సంపాదకుడు తొలగించాడు. రాతప్రతి భద్రంగా ఉన్నందువల్లే 2002లో మరింత సమగ్రమైన ముద్రణ సాధ్యమైంది. గొంతుల విషయంలో అలా జరగలేదు. 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద కమిషన్ సేకర్తలు కథలను మైనపు గొట్టాలపై రికార్డు చేసి, కాగితంపైకి ఎక్కించేవారు. ఖర్చు తగ్గించుకోవడానికి గొట్టాలను చెక్కి మళ్ళీ వాడేవారు. మాటలు మిగిలాయి, చాలామంది గొంతులు పోయాయి.

దీన్నిబట్టి మూడు విషయాలు గ్రహించవచ్చు. సేకరణ తరలింపుకు ముందే మొదలుకావాలి. చెప్పేవారి భాషను, యాసను మార్చకూడదు. సవరించిన ప్రతి సిద్ధమైనా మూలప్రతిని, ధ్వనిముద్రణను పారవేయకూడదు.

అభ్యాసం: శ్రీశైలం వంటి జలాశయాల కోసం ఊళ్ళు వదిలిన పెద్దలు మీ ప్రాంతంలో ఉండవచ్చు. వారిలో ఒకరి అనుమతి తీసుకొని, పాత ఊరి పటం గీయించండి. చేను, బావి, బండ, బాట - ప్రతిదాని పేరూ వారు పలికినట్లే రాయండి. సంభాషణ రికార్డు చేసి, ఒక ప్రతిని వారి కుటుంబానికి ఇవ్వండి.