చలిలో కరెంటు పోతే: టెక్సస్ 2021 చెప్పే పాఠాలు

కరెంటు పోతే ఏం చెయ్యాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. కిటికీలు బార్లా తెరుస్తాం, డాబా ఎక్కుతాం, నోట్సు అట్ట తీసి విసురుకుంటాం, "మీకూ పోయిందా?" అని పక్కింటివాళ్ళని అడుగుతాం. వాళ్ళకీ పోయిందని తెలిస్తే మనసు కాస్త కుదుటపడుతుంది కూడా! కానీ ఈ అనుభవం అంతా ఎండాకాలం కోతలది. బయట మైనస్ డిగ్రీల చలి, ఇంట్లో కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు అన్నప్పుడు ఇందులో ఏదీ పనికి రాదు. పైగా కొన్ని అలవాట్లు ప్రాణం మీదకి తెస్తాయి.

ఇది మనకెందుకు అంటారా? ఎంఎస్ కోసం టెక్సస్ వెళ్ళే తెలుగు విద్యార్థులు చాలామంది ఉంటారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ అంటే మనకి గుర్తొచ్చేది ఎండలే. "మన ఊరి వాతావరణమేరా, స్వెట్టర్ కూడా అక్కర్లేదు" అని సలహా ఇచ్చేవాళ్ళూ ఉంటారు. 2021 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో ఒక చలి తుపాను వచ్చింది. 45 లక్షలకు పైగా ఇళ్ళకీ, వ్యాపారాలకీ కరెంటు పోయింది. అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 246 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఇళ్ళలోనే చనిపోయారు. అసలేం జరిగింది, అలాంటప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి అన్నదే ఈ వ్యాసం.

ఆ రాత్రి గ్రిడ్‌లో ఏం జరిగింది?

లంబసింగిలో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికొస్తే మనకది పేపర్లో వార్త. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో అది సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కి పడిపోయింది. టెక్సస్‌లో సగానికి పైగా ఇళ్ళకి కరెంటు హీటర్లే దిక్కు. అందరూ ఒకేసారి హీటర్లు పెంచారు, వాడకం ఒక్కసారిగా ఎగిరింది. సరిగ్గా అప్పుడే ఉత్పత్తి పడిపోయింది. పవర్ ప్లాంట్లలో పైపులు, సెన్సార్లు గడ్డకట్టాయి. గ్యాస్ బావుల దగ్గర తేమ గడ్డకట్టి గ్యాస్ సరఫరా తగ్గింది. గాలిమరల వల్లే ఇదంతా అని అప్పట్లో గట్టి ప్రచారం జరిగింది. గాలిమరలు ఆగిన మాట నిజమే గానీ, అనుకోకుండా ఆగిపోయిన యూనిట్లలో సగానికి పైగా గ్యాస్‌తో నడిచేవే.

గ్రిడ్ అంటే ఒకరిని వెనక కూర్చోబెట్టుకుని సైకిల్ మీద ఎత్తు ఎక్కడం లాంటిది. ఎత్తు పెరిగేకొద్దీ లోడ్ పెరుగుతుంది. కాళ్ళలో సత్తువ తగ్గితే పెడల్ వేగం పడిపోతుంది. ఆ వేగమే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ. మనకి 50 హెర్ట్‌జ్, అమెరికాలో 60. ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 59.3 దాకా దిగింది. 59.4 కంటే కింద 9 నిమిషాలు ఉంటే జనరేటర్లు తమను తాము కాపాడుకోవడానికి వరసగా ఆగిపోతాయి. ఆ రాత్రి 4 నిమిషాల 23 సెకన్లు ఉంది. ఇంకో నాలుగున్నర నిమిషాలు అలాగే ఉంటే రాష్ట్రం మొత్తం చీకటయ్యేది, మళ్ళీ సున్నా నుంచి గ్రిడ్‌ని లేపడానికి వారాలు పట్టేది. అందుకే గ్రిడ్ నడిపే ఎర్కాట్ సంస్థ వెనక కూర్చున్నవాణ్ణి దింపేసింది. అంటే 20,000 మెగావాట్ల దాకా లోడ్ తెంపింది.

మన దగ్గర కోత అంటే వంతులవారీగా ఉంటుంది. ఈ రెండు గంటలు మీ వీధి, తర్వాత రెండు గంటలు మా వీధి. టెక్సస్‌లోనూ మొదట అదే అనుకున్నారు. కానీ తెంపాల్సిన లోడ్ మరీ ఎక్కువ. ఆసుపత్రులు ఉన్న లైన్లు తియ్యకూడదు. అవి పోగా మిగిలినవన్నీ తీసేస్తేగానీ లెక్క సరిపోలేదు. ఇక వంతు మార్చుకోవడానికి లైన్లేవీ? దాంతో కొన్ని ఇళ్ళకి రెండు మూడు రోజులు ఏకధాటిగా కరెంటు లేదు. ఎదురు వీధిలో మాత్రం లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఇంకో విచిత్రం కూడా జరిగింది. కొన్ని గ్యాస్ కేంద్రాలు అత్యవసర జాబితాలో లేకపోవడంతో వాటికీ కరెంటు తీసేశారు. గ్యాస్ ఇంకా తగ్గింది, దాంతో కరెంటు ఇంకా తగ్గింది.

పక్క రాష్ట్రాల నుంచి తెచ్చుకోవచ్చు కదా అంటే, టెక్సస్‌లో ఎక్కువ భాగానిది విడి గ్రిడ్. బయటి గ్రిడ్‌లతో ఉన్న లింకులు చాలా చిన్నవి. మన దక్షిణ గ్రిడ్ కూడా 2013 డిసెంబర్ 31 దాకా మిగతా దేశంతో పూర్తిగా కలవలేదు. అందుకే 2012 జులైలో ఉత్తర భారతం చీకటైనప్పుడు మనకి ఏమీ కాలేదు. విడిగా ఉంటే పక్కవాడి కష్టం మనకి అంటదు, మన కష్టంలో పక్కవాడి సాయమూ పెద్దగా అందదు. టెక్సస్‌ది రెండో పరిస్థితి.

ఇల్లు ఒక ఫ్లాస్కు

ఇక ఇంట్లోకి వద్దాం. చలిలో కరెంటు పోయిన క్షణం నుంచి ఇంట్లో ఉన్న వేడి బ్యాంకులో ఉన్న డబ్బు లాంటిది. కొత్తగా జీతం రాదు. ఖర్చు తగ్గించుకోవడం ఒక్కటే దారి. "వేడి ఎలా పుట్టించాలి?" అన్నది తప్పు ప్రశ్న. "ఉన్న వేడిని ఎలా ఆపాలి?" అన్నది సరైన ప్రశ్న. ఫ్లాస్కు టీని వేడి చెయ్యదు, టీలో ఉన్న వేడిని పోనివ్వదు, అంతే కదా.

ఫస్టియర్‌లో చదివిన హీట్ ట్రాన్స్‌ఫర్ ఇక్కడ పనికొస్తుంది. గోడల గుండా పోయే వేడి రెండిటి మీద ఆధారపడుతుంది: బయటకి తగిలే గోడల వైశాల్యం, లోపలికీ బయటకీ ఉన్న ఉష్ణోగ్రత తేడా. బయటి చలి మన చేతిలో లేదు. వైశాల్యం ఉంది. కాబట్టి ఇల్లంతా వదిలేసి అందరూ ఒకే చిన్న గదిలోకి చేరాలి. బయటి గోడలు, కిటికీలు తక్కువున్న గది అయితే మేలు. తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి పెట్టాలి. పగలు ఎండ పడే కిటికీకి మాత్రం కర్టెన్ తెరిచి, పొద్దుగుంకగానే మూసేయాలి.

ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వస్తుంది. నలుగురు రూమ్మేట్లు ఒక గదిలో ఉంటే అది 400 వాట్ల హీటర్ అన్నమాట! తలొక గదిలో దుప్పటి కప్పుకుంటే ఆ హీటర్ నాలుగు ముక్కలై చల్లారిపోతుంది. మంచం మీద దోమతెర కట్టి పైన దుప్పట్లు కప్పినా, టేబుల్ చుట్టూ దుప్పట్లు వేలాడదీసినా గదిలో ఇంకో చిన్న గది తయారవుతుంది. ఒక మందపాటి జాకెట్ కంటే వదులుగా ఉన్న మూడు పొరల బట్టలు మేలు, ఎందుకంటే మధ్యలో చిక్కిన గాలే వేడిని ఆపేది. తలకి టోపీ, కాళ్ళకి సాక్సులు తప్పనిసరి. తడిసిన బట్ట ఏదైనా వెంటనే మార్చాలి.

చలి కంటే ముందు చంపేది

ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంటుందనుకుంటే అది ఇదే కావాలి. చలికి తట్టుకోలేక జనం చేసే పనులు కొన్నిసార్లు చలి కంటే ముందే చంపుతాయి. టెక్సస్‌లో చనిపోయినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది చలి దెబ్బకి పోయారు. కానీ 19 మంది కార్బన్ మోనాక్సైడ్ వల్ల పోయారు. చలి కాచుకుందామని గ్యారేజీలో కారు ఆన్ చెయ్యడం, బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తేవడం, జనరేటర్‌ని గుమ్మం పక్కనే పెట్టడం... ఇవన్నీ ఆ వాయువుని ఇంట్లో నింపేవే. ఉత్తరాదిలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రపోయి, మళ్ళీ లేవనివాళ్ళ వార్తలు ప్రతి చలికాలం చదువుతూనే ఉంటాం. అదీ ఇదే.

ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, మగత వస్తాయి. "చలికి ఇలా ఉందిలే" అనుకుని పడుకుంటే అంతే. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా చాలదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయటే ఉండాలి. వంట గ్యాస్ స్టవ్‌ని గది వేడి చెయ్యడానికి వాడకూడదు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఫ్లాట్‌లో ఉందో లేదో చేరిన రోజే చూసుకోండి. గదిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి మొదలైతే చర్చలు పెట్టకుండా బయటి గాలిలోకి వెళ్ళి 911కి ఫోన్ చెయ్యాలి.

చలి దెబ్బ గుర్తులు వేరు. ఒళ్ళు విపరీతంగా వణుకుతుంది, తర్వాత మాట ముద్దగా వస్తుంది, మనిషి తికమకపడతాడు. వణుకు ఆగితే తగ్గిందని సంతోషించకూడదు. ఇంకా చల్లగానే ఉన్న మనిషికి వణుకు ఆగిందంటే పరిస్థితి ముదిరిందని అర్థం. పొడి దుప్పట్లు చుట్టి వెంటనే సాయం పిలవాలి. "ఒక పెగ్గేస్తే వేడెక్కుతాం" అన్నది సినిమా డైలాగు. మందు వల్ల చర్మానికి రక్తం ఎక్కువ చేరి, ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది.

పైపులు, నీళ్ళు, తిండి

నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది. పైపులో మంచు బిరడాకీ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి మీద ఒత్తిడి పెరిగి పైపు పగులుతుంది. టెక్సస్ ఇళ్ళు వేడికి కట్టినవి. పైపులు చాలాచోట్ల అటక మీద, బయటి గోడల్లో ఉంటాయి. కుళాయిని సన్నధారగా కారనిస్తే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. నీళ్ళు వృథా చెయ్యకూడదన్న మన నీతికి ఆ ఒక్క రాత్రి సెలవు. సింకు కింద అల్మారా తలుపులు తెరిచి ఉంచాలి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి, పైపు పగిలితే మొదట కట్టేది అదే.

2021లో కోటి మందికి పైగా జనానికి నీటి ఇబ్బంది వచ్చింది. నీళ్ళు కాచి తాగమన్నారు. కరెంటు స్టవ్‌తో కాచేదెలా? అందుకే తుపాను హెచ్చరిక రాగానే మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున మూడు రోజులకి తాగేనీళ్ళు పట్టుకోవాలి. బాత్‌టబ్ నింపుకుంటే ఆ నీళ్ళు టాయిలెట్‌కి పనికొస్తాయి.

తిండి విషయంలో మాత్రం మనవాళ్ళు అదృష్టవంతులు. అటుకులు నీళ్ళలో నానేస్తే చాలు, పెరుగు, ఆవకాయ ఉంటే భోజనమే. పల్లీలు, బెల్లం, పుట్నాల పప్పు, అమ్మ కట్టించిన పొడులు, జంతికలు... వీటికి స్టవ్ అక్కర్లేదు. ఫ్రిజ్ తలుపు తియ్యకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లదనం నిలుపుతాయి. ఫోన్, పవర్ బ్యాంక్ ముందే నింపుకుని, ఫోన్‌ని వార్తలకీ క్షేమసమాచారానికీ మాత్రమే వాడండి. ఇంటికి రోజుకొకసారి "బాగానే ఉన్నాం" అని మెసేజ్ పెట్టడం మర్చిపోకండి, అక్కడ టీవీ చూస్తూ అమ్మా నాన్నా పడే కంగారు మనకి తెలియనిది కాదు.

పక్క తలుపు కొట్టండి

2011లో కూడా టెక్సస్‌లో ఇలాంటి చలి వచ్చి కరెంటు పోయింది. ప్లాంట్లని చలికి సిద్ధం చెయ్యమని అప్పుడే నివేదికలు చెప్పాయి. తప్పనిసరి చెయ్యలేదు. 2021 తర్వాతే దానికి చట్టం వచ్చింది. పదేళ్ళకోసారి వచ్చేదానికి ఖర్చెందుకు అనుకున్నచోట ఏం జరుగుతుందో రేపు ఇంజినీర్లం అవబోయే మనం గుర్తుపెట్టుకోవాలి.

గ్రిడ్‌ని ఇవాళ మనం బాగుచెయ్యలేం. పక్క తలుపు మాత్రం కొట్టగలం. అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉన్న ముసలాయన, ఆక్సిజన్ మిషన్ మీద ఆధారపడ్డ ఆవిడ, మొన్ననే వచ్చిన జూనియర్... వాళ్ళ తలుపు కొట్టి, "మీకూ పోయిందా?" అని అడగండి. అవునంటే వాళ్ళనీ మీ గదిలోకి పిలవండి. ఇంకో 100 వాట్లు కలిసినట్టే.