ఫిల్మ్ కెమెరాతో మొదలుపెట్టాలా, డిజిటల్‌తోనా? ఖాళీ రోల్ నేర్పిన పాఠం

"ఫొటోగ్రఫీ నేర్చుకుందామనుకుంటున్నా, ఫిల్మ్ కెమెరా కొననా?" ఈ మధ్య ఫ్రెండ్స్ తెగ అడుగుతున్నారు. ఇన్‌స్టాలో ఆ గ్రెయిన్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. 2024లో పెంటాక్స్ 17 పేరుతో కొత్త ఫిల్మ్ కెమెరా కూడా వచ్చింది. నా సమాధానం మాత్రం ఒకటే: ముందు డిజిటల్.

నేను మొదలుపెట్టింది ఫిల్మ్‌తోనే. మావయ్య తన పాత నికాన్ ఎఫ్‌ఎం10 ఇచ్చాడు. భీమిలిలో అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు పడగొట్టే ముందు ఆదివారం, అందులో కొడాక్ గోల్డ్ 200 రోల్ వేసుకుని వెళ్లా. అరుగు, వంటగది, నూతి దగ్గర అమ్మమ్మ... లెక్కపెట్టుకుని 36 తీశా. "ఫోన్‌లో కూడా తియ్యరా" అని అమ్మ అంటే నవ్వేశా. 36 దాటాక కూడా లివర్ తిరిగితే అదృష్టం అనుకున్నా.

వారం తర్వాత ల్యాబ్ నుంచి మెసేజ్: రోల్ మొత్తం ఖాళీ. ఫిల్మ్ అంచు స్పూల్‌కి పట్టలేదు. నేను లివర్ తిప్పుతున్నా లోపల ఫిల్మ్ కదల్లేదు. ఇల్లు ఇప్పుడు లేదు. మిగిలినవి అమ్మ ఫోన్‌లో తీసిన రెండు ఫొటోలే.

తప్పు ఎప్పుడు తెలుస్తుంది?

అసలు తేడా ఇదే. డిజిటల్‌లో తప్పు వెంటనే స్క్రీన్ మీద కనిపిస్తుంది. షట్టర్ స్పీడ్, అపర్చర్, ఐఎస్‌ఓ అన్నీ ఫైల్‌లోనే సేవ్ అవుతాయి. ఎఫ్‌ఎం10 లాంటి కెమెరాలో అవేవీ రికార్డు కావు. ఫొటో చూసేసరికి ఏ సెట్టింగ్ పెట్టామో గుర్తుండదు. లాగ్స్ లేకుండా బగ్ వెతికినట్టే. పైగా రోల్, డెవలపింగ్, స్కానింగ్, కొరియర్ కలిపి 1,500 రూపాయలు అనుకుంటే, ఒక్కో క్లిక్ 40 దాటుతుంది.

ఫిల్మ్ కూడా గొప్పదే

కలర్ నెగెటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురుని బాగా తట్టుకుంటుంది. మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో అలల నురగని డిజిటల్‌లో ఓవర్ ఎక్స్‌పోజ్ చేస్తే తెల్ల మచ్చే మిగులుతుంది, ఎడిటింగ్‌లో కూడా వెనక్కి రాదు. అందుకే డౌట్ ఉంటే ఫిల్మ్‌లో ఒక స్టాప్ ఎక్కువ, డిజిటల్‌లో కాస్త తక్కువ ఇవ్వాలి.

ఇలా ట్రై చేయండి

సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ తీసుకోండి. ఉదయం ఏడింటికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, మాన్యువల్ మోడ్‌లో, ఐఎస్‌ఓ 200 మార్చకుండా, స్క్రీన్ చూడకుండా 36 ఫొటోలే తీయండి. ఇంటికొచ్చి చూసుకోండి. 30 దాకా ఎక్స్‌పోజర్ సరిగ్గా వస్తుంటే అప్పుడు ఫిల్మ్ కొనండి.

కొనేటప్పుడు లెన్స్‌ని వెలుతురుకి పెట్టి చూడండి. సాలెగూడులాంటి గీతలు ఉంటే ఫంగస్. వైజాగ్ తేమకి అది త్వరగా పడుతుంది, కాబట్టి గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోండి. రోల్ వేశాక, ఫిల్మ్ వదులు లేకుండా బిగించి లివర్ తిప్పినప్పుడు ఎడమవైపు రీవైండ్ నాబ్ కూడా తిరగాలి. తిరగకపోతే మూత తీసి మళ్లీ లోడ్ చేయండి. ఆ రోజు నేను చూడనిది అదే.

ఎఫ్‌ఎం10 ఇప్పటికీ వాడుతున్నా. కానీ మళ్లీ దొరకని ఫొటో అయితే, ముందు జేబులోంచి ఫోన్ తీస్తా.