బాత్‌రూమ్‌లో కంపు.. ఫినాయిల్ పోసినా పోవట్లేదా? అసలు సమస్య జాలీ కింద ఉంది!

వేసవి సెలవులకు ఊరెళ్లి కొత్తగూడెం తిరిగొచ్చారు. తాళం తీయగానే గుప్పున కంపు! ఎలుక చచ్చిందేమోనని మంచాల కింద వెతుకుతారు. ఫినాయిల్ సీసా ఖాళీ చేస్తారు. గంట తిరక్కుండానే మళ్లీ అదే వాసన. అసలు విషయం ఏంటంటే.. ఇంట్లో మురికి పెరగలేదు, నీళ్లు తగ్గాయి.

బాత్‌రూమ్ జాలీ కింద గిన్నెలాంటి భాగం ఉంటుంది. ప్లంబర్లు దీన్ని నానీ ట్రాప్ అంటారు. సింక్ కింద, కమోడ్‌లో ఉండే వంపు పని కూడా ఇదే. అందులో నిలిచిన కాసిన్ని నీళ్లే మురుగు గ్యాస్‌ను ఇంట్లోకి రానివ్వకుండా ఆపుతాయి. ఇలాంటి వంపు పైపుకు 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ పేటెంట్ తీసుకున్నారు. ఆయన వృత్తి గడియారాల తయారీ కావడం విశేషం. బొగ్గు గనుల ఊరి ఎండల గురించి చెప్పేదేముంది? వాడకం లేని బాత్‌రూమ్‌లో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. గ్యాస్‌కు దారి దొరుకుతుంది.

వానాకాలంలో కథ వేరు. నేల తడిసి ముద్దయితే సెప్టిక్ ట్యాంక్ నుంచి వచ్చే నీళ్లు ఇంకవు. గ్యాస్ వెనక్కి తంతుంది. గాలిలో తేమకు జాలీ చుట్టూ సబ్బు, వెంట్రుకలు, జిడ్డు కలిసి జిగురు పొర కట్టి కుళ్లుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇదే తంటా.

తేల్చుకోవడం తేలికే. జాలీలో రెండు మగ్గుల నీళ్లు పోసి కాసేపు ఆగండి. కంపు తగ్గితే ట్రాప్ ఎండిపోయినట్టే. ఊరెళ్లే ముందు నీళ్లు పోసి, పైన చెంచాడు వంటనూనె వేస్తే త్వరగా ఆవిరి కావు. తగ్గకపోతే జాలీ తీసి బ్రష్‌తో రుద్దాలి. పక్క బాత్‌రూమ్‌లో ఫ్లష్ కొట్టినప్పుడల్లా ఇక్కడ గుడగుడమంటూ వాసన వస్తోందా? గాలి గొట్టం లేదు, లేదా మూసుకుపోయింది. అప్పుడు ప్లంబర్‌ను పిలవాల్సిందే.

విసుగొచ్చి బ్లీచింగ్ పౌడర్, యాసిడ్ కలిపి మాత్రం పోయొద్దు. విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. సెప్టిక్ ట్యాంక్‌లోకి అయితే ఎవరినీ దింపొద్దు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు, మనిషి నిమిషాల్లో కుప్పకూలిపోవచ్చు. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనుషులతో ట్యాంక్ శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.