మేస్త్రీ పక్కకు తప్పుకున్నప్పుడు

ఎమ్మారై యంత్రం గొట్టంలో వెల్లకిలా పడుకుని పియానో వాయించాలి. తల కదపకూడదు. దగ్గర్లో ఇనుప ముక్క ఉండకూడదు. ఛార్లెస్ లింబ్, అలెన్ బ్రాన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇందుకోసం 35 ప్లాస్టిక్ మెట్లున్న కీబోర్డు ప్రత్యేకంగా చేయించి, ఆరుగురు జాజ్ పియానిస్టులను ఒక్కొక్కరిగా ఆ గొట్టంలోకి పంపారు. లింబ్ వృత్తికి చెవి శస్త్రవైద్యుడు, సరదాకి శాక్సఫోన్ వాయిస్తాడు. లేకపోతే ఇలాంటి ఆలోచన ఎవరికొస్తుంది! ముందు కంఠతా వచ్చిన బాణీ వాయించమన్నారు. తర్వాత అప్పటికప్పుడు కల్పించమన్నారు. మన విద్వాంసులు మనోధర్మం అంటారే, అది. 2008లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం, కల్పన సాగుతున్నప్పుడు నుదుటి వెనుక రెండు పక్కలా ఉన్న భాగాలు మందగించాయి.

ఆ భాగాలు మన లోపలి మేస్త్రీ లాంటివి. ప్రణాళిక వేసేది, తప్పు పట్టేది, ‘ఆగు, ఇది సరిగ్గా వచ్చిందా?’ అని వెనక నుంచి గొణిగేది అవే. పని అద్భుతంగా నడుస్తున్నప్పుడు మెదడంతా దీపావళిలా వెలిగిపోతుందని మనం ఊహించుకుంటాం. తీరా చూస్తే మేస్త్రీ కాసేపు పక్కకు తప్పుకున్నాడు.

ఒళ్ళు మరిచి, టైము తెలియకుండా పనిలో మునిగిపోయే ఆ స్థితికి ‘ఫ్లో’ అని పేరు పెట్టినవాడు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్. హంగరీ మూలాలున్న ఈ మనస్తత్వవేత్త షికాగోలో ప్రొఫెసరుగా ఉంటూ చదరంగం ఆటగాళ్ళను, కొండలెక్కేవాళ్ళను, శస్త్రవైద్యులను కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఏదో ప్రవాహం తమను మోసుకుపోయినట్టు ఉంటుందని చాలామంది వాళ్ళంతట వాళ్ళే చెప్పారు. మన అవధానులు పద్యం తడబడకుండా సాగడాన్ని ధార అంటారు. ఎక్కడో షికాగోలో వెతికి పట్టుకున్న ఉపమానం మనకు ఎప్పటినుంచో వాడుకలో ఉన్నదే.

మేస్త్రీ తప్పుకుంటే పని ఎవరు చేస్తారు? గేరు బండి నేర్చుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం, క్లచ్ మెల్లగా వదలడం, ప్రతిదీ మనసులో చెప్పుకుంటూ చేశాం. ఏడాది తిరిగేసరికి పాటలు పాడుకుంటూ నడిపాం. అలవాటైన పని క్రమంగా మెదడు లోతుల్లోని బేసల్ గాంగ్లియాకు, తల వెనక ఉండే చిన్నమెదడుకు అప్పగింత అవుతుంది. అక్కడ మాటలుండవు. అందుకే ఆరితేరినవాణ్ణి ‘ఎలా చేశావు?’ అని అడిగితే నీళ్ళు నములుతాడు.

అప్పగించిన పనిలో మేస్త్రీ మళ్ళీ వేలు పెడితే ఏమవుతుందో 2002లో సియాన్ బీలాక్ బృందం చూపించింది. ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో డ్రిబ్లింగ్ చేయిస్తూ, బంతికి పాదంలో ఏ పక్క తగిలిందో గమనించి చెప్పమన్నారు. కొత్తవాళ్ళకు ఆ గమనింపు సాయపడింది. పాతకాపుల కుడికాలు మాత్రం తడబడింది. అసలు తమాషా తర్వాతిది: అదే పాతకాపులు అంతగా అలవాటు లేని ఎడమకాలితో ఆడినప్పుడు, గమనించడం వల్ల ఆట మెరుగైంది. ఒకే మనిషిలో ఒక కాలికి మేస్త్రీ అడ్డం, ఇంకో కాలికి ఆసరా!

అయితే ‘నుదుటి భాగం నిద్రపోతే చాలు’ అని తేల్చేయడానికి లేదు. జర్మనీలోని ఉల్మ్‌లో జరిగి, 2014లో అచ్చయిన ప్రయోగంలో 27 మంది చేత లెక్కలు చేయించారు. చేసేవాడి సత్తాను బట్టి కంప్యూటరు లెక్క కష్టాన్ని సవరిస్తూ ఉంటుంది. విసుగు పుట్టేంత తేలికగాను కాదు, చేతులెత్తేసేంత కఠినంగాను కాదు, సరిగ్గా తూగినప్పుడు నుదుటి మధ్యభాగం చురుకు తగ్గింది. భయాందోళనలతో ముడిపడిన అమిగ్డలా కూడా నెమ్మదించింది. చిక్కేమిటంటే, జాజ్ పియానిస్టుల్లో ఆ మధ్యభాగమే చురుగ్గా ఉంది. నాకైతే ఇందులో వైరుధ్యం కనిపించదు. ఆ మధ్యభాగానికి ‘నేను’ అనే ఊహతో పనెక్కువ. కూడికలో ‘నేను’కు చోటు లేదు, సంగీతంలో అదే ముడిసరుకు.

2024లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 32 మంది జాజ్ గిటారిస్టుల తలలకు ఈఈజీ తీగలు తగిలించి మరో మెట్టెక్కారు. అనుభవం బాగా ఉన్నవాళ్ళు ధారలో పడ్డప్పుడు నుదుటి పైభాగాల చురుకు తగ్గింది. అనుభవం తక్కువైన వాళ్ళలో ఆ మార్పు పెద్దగా కనిపించలేదు. పని రానివాడి మేస్త్రీ సెలవు పెడితే గోడ కూలుతుంది. పది నిమిషాల్లో ‘ఫ్లో’ నేర్పిస్తామనే వీడియోలు దాచే సంగతి ఇదే.

ఇవన్నీ చదువుతుంటే నాకు అష్టావధాన వేదిక గుర్తొస్తుంది. ధారను తెంచడానికే అక్కడ అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుణ్ణి కూర్చోబెడతారు. పద్యం నడుస్తుండగా అల్లరి ప్రశ్న వేస్తాడు. మధ్యమధ్య గంట మోగుతుంది, ఎన్నిసార్లు మోగిందో చివర్లో చెప్పాలి. ఛందస్సు ఏళ్ళ సాధనతో లోపలి పొరల్లోకి దిగిపోయింది కాబట్టే మేస్త్రీకి గంటలు లెక్కపెట్టే తీరిక దొరుకుతుందని నా ఊహ. నిషిద్ధాక్షరిలో ఆ తీరికా ఉండదు. అవధాని నోట తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి, సరిగ్గా దాన్నే వద్దంటాడు పృచ్ఛకుడు. అలవాటైన దారి అక్షరం అక్షరానికీ మూసుకుపోతుంది. అంటే కుడికాలు కట్టేసి, పద్యం ముగిసేదాకా ఎడమకాలితోనే ఆడిస్తున్నాడన్నమాట.